బుడగ పడిన బిళ్ళ

మా బావ పళ్ళసెట్లు చేసేవాడు. ఊళ్ళో సగం మంది నవ్వు ఆయన చలవే అని అక్క మురిసిపోయేది. నేను మాత్రం ఆయన్ని పళ్ళమేస్త్రీ అని ఏడిపించేవాణ్ణి. నాది బోర్డులకూ గోడలకూ రంగులు వేసే పని. నా పనే పని అని కాస్త పొగరు. కాస్త కాదు, బాగానే.

ఆయనకు ఇంకో పిచ్చి ఉండేది. పళ్ళ అచ్చులకు వాడే ప్లాస్టర్‌ను నీళ్ళలో కలిపి, రబ్బరు అచ్చుల్లో పోసి, బుడగలు పైకి తేలేదాకా బల్లకేసి తట్టి, పైన కత్తితో చదును చేసేవాడు. గట్టిపడ్డాక అరచేతిలో పట్టేంత రాతి నేలలు, గోడలు, మెట్లు బిళ్ళలు బిళ్ళలుగా బయటికి వచ్చేవి. వాటిని బల్ల మీద పేరిస్తే భూమి అడుగున ఒక చెరసాల. ఆదివారం మధ్యాహ్నాలు అక్క, మందుల షాపాయన, లెక్కల టీచరమ్మ వేలెడంత బొమ్మలను అందులో నడిపించేవారు. వాళ్ళు పాచికలు వేస్తే బావ కథ చెప్పేవాడు.

"రా బామ్మర్దీ, ఓ కుర్చీ లాక్కో" అని చూసినప్పుడల్లా పిలిచేవాడు.

"ఈ వయసులో బొమ్మలాటలేంటి బావా, మీరాడుకోండి" అని గుమ్మంలోంచే వెళ్ళిపోయేవాణ్ణి. ఆరేళ్ళు పిలిచాడు. ఒక్కసారి కూర్చుంటే నా సొమ్మేం పోయేది?

రెండు నెలల కిందట, పనిలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆటలో ఆఖరి గది మిగిలిపోయింది. దానికి కావలసిన నలభై బిళ్ళలూ పోసి, ఆరబెట్టి, అట్టపెట్టెలో సర్ది ఉంచాడు. ఆ గదిని ఆయన అనుకున్నట్టే ఆడి ముగించాలన్నది అక్క కోరిక. అంతకుమించి ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. పెట్టె నా షెడ్డుకు పంపి ఫోన్ చేసింది.

"పైన రంగు వేస్తే చాలురా. అతికించకు. వెనకవైపు అసలు ముట్టుకోకు."

"నాకు పని నేర్పుతున్నావా అక్కా?"

ఆమె ఇంకేదో చెప్పబోయింది. నేను ఫోన్ పెట్టేశాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది.

పని మాత్రం ప్రాణం పెట్టి చేశాను. బతికుండగా ఆయన పనిని ఒక్క మాట మెచ్చుకోలేదన్న బాధ అప్పటికే లోపల తొలుస్తోంది. ముందు నల్లరంగు పూశాను. కుంచెకు బూడిదరంగు అద్ది, గుడ్డకు తుడిచి, దాదాపు పొడిగా చేసి పైపైన లాగితే రాళ్ళ అంచులు తేలాయి. సందుల్లో పల్చటి గోధుమరంగు, మూలల్లో పాకుడు పచ్చ. నిజంగా రాయే అనిపించింది.

కానీ విడి బిళ్ళలు కదులుతుంటే నా కంటికి ఆనలేదు. వెనకవైపు పెన్సిల్‌తో ఏవో గీతలున్నాయి. అచ్చుల నంబర్లేమో అనుకున్నాను, చదవనైనా లేదు. జిగురు బాగా పట్టాలని ఉప్పుకాగితంతో ఆ గీతలు పోయేదాకా రుద్ది, చెక్కపలక మీద వరసగా అతికించాను. ఒక్క బిళ్ళకు మాత్రం బుడగ పడి మూల తొర్రపోయింది. అలాంటిది నా పనిలో ఉండటానికి వీల్లేదు. దాన్ని డబ్బాల వెనక్కి గిరాటేసి, ఆ ఖాళీని రాతిపొడితో కప్పేశాను.

ఆదివారం పలక తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. రెండు నెలల తర్వాత అక్క మొహంలో వెలుగు చూశాను. "ఎంత బాగా వేశావురా" అంటూ ఒక బిళ్ళ తీయబోయింది. అది రాలేదు. పక్కది పట్టుకుంది. అదీ రాలేదు.

"అతికించావా?"

"కదలకుండా ఉంటుందని..."

టీచరమ్మ నెమ్మదిగా చెప్పింది. "ప్రతి బిళ్ళ వెనకా ఆయన కథ రాసేవారు బాబూ. మన బొమ్మ దాని మీదికి వచ్చాకే తిప్పి చదవాలి. ముందే చూడకూడదు, అదీ ఆట. మీ అక్క ఇన్నాళ్ళూ ఆ పెట్టెను పక్కనే పెట్టుకుని ఒక్కటి కూడా తిప్పలేదు."

వేడినీళ్ళలో నానబెడితే జిగురు ఊడొచ్చేమోనన్నాడు మందుల షాపాయన. ఉప్పుకాగితం సంగతి నేనే చెప్పాలి. చెప్పాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అక్క నన్ను తిట్టినా బాగుండేది. బల్ల అంచు పట్టుకుని, "నాకు చెప్పకుండా మిగిలిన ఆయన మాటలు అవేరా" అంది.

అప్పుడు గుర్తొచ్చింది బుడగ బిళ్ళ. షెడ్డుకు పరుగెత్తి, డబ్బాలన్నీ లాగిపడేసి వెతికాను. దొరికింది. తిప్పి చూడలేదు. ఈ ఒక్కసారైనా చెప్పిన మాట వినాలనిపించింది. తెచ్చి అక్క ముందు పెట్టాను.

ఆమె తన బొమ్మను దాని మీద నిలబెట్టి, తీసి, అప్పుడు తిప్పింది. చదివి నాకు ఇచ్చింది. బావ గుండ్రటి అక్షరాలు.

"ఇక్కడ కొత్త మనిషి కలుస్తాడు. ఇది బామ్మర్ది కోసం ఉంచాను. ఈసారి బలవంతాన అయినా కూర్చోబెట్టండి. అవతలి తలుపు వాడు తెరిస్తేనే తెరుచుకుంటుంది."

అక్క కుర్చీ లాగింది. కూర్చున్నాను. మందుల షాపాయన పాచికలు నా చేతిలో పెట్టాడు. వేశాను. ఎంత పడిందో కళ్ళకు ఆనలేదు. "ఆరు" అంది టీచరమ్మ. "తలుపు తెరుచుకుంది."

"లోపల ఏముంది?" అన్నాను.

అందరూ పలక వైపు చూశారు. అది రాసి ఉన్న బిళ్ళను నేనే నున్నగా రుద్దేశాను.