గెలవదని కాసిన పందెం

వెయిన్స్‌బీ రేవులో చేపలు గడ్డకట్టించే ఫ్యాక్టరీ మూతపడేదాకా డెరిక్ ఆల్సప్ చేసిన పని ఒక్కటే, శీతల గదుల్లో చల్లదనం కొలవడం. పెట్టెలో ఏ చేప ఉందో, ఏ పడవ తెచ్చిందో ఆయనకు అక్కర్లేదు. పెట్టె మీద నంబరు, గదిలో టెంపరేచరు, అంతే. జీవితమంతా అలా గడిపిన మనిషి ఇంట్లో ఖాళీగా కూర్చుంటే ఏం చేస్తాడు? దేన్నో ఒకదాన్ని కొలుస్తాడు. డెరిక్ ఫుట్‌బాల్‌ని కొలవడం మొదలుపెట్టాడు.

ఆ పురుగు ఆయన బుర్రలో పెట్టినవాడు నెవిల్ ప్రౌట్. బస్సు నడిపి రిటైరయ్యాడు. రేవు వెనక పబ్బులో వాళ్లిద్దరివీ పక్కపక్క కుర్చీలు.

"ఎవడు గెలుస్తాడో చెప్పాలంటే దేవుడు దిగిరావాలిరా. ఎవడు గెలవడో చెప్పడానికి నా బోటివాడు చాలు," అన్నాడు నెవిల్ ఒకరోజు. "దాన్నే 'లే' పందెం అంటారు. జట్టు గెలుస్తుందని అవతలివాడు కాస్తాడు. గెలవదని నువ్వు కాస్తావు. ఓడినా నీదే, డ్రా అయినా నీదే."

"గెలిస్తే?"

"గెలిస్తే నీ తోలు వలుస్తారనుకో. అందుకే చూసి కాయాలి."

"నువ్వు కిందటేడంతా చూసే కాశావా?"

"నేను తాగి కాశాను. నువ్వు తాగకుండా కాయి. తేడా ఏమిటో ఇద్దరం చూద్దాం."

డెరిక్ వెంటనే కాయలేదు. అలాంటి మనిషి కాదు. ముందు ఒక నియమం రాసుకున్నాడు. కింది తరగతి లీగుల్లో, సొంత మైదానంలో ఆడబోయే జట్టు వరసగా రెండు మ్యాచ్‌లు గెలిచి ఉంటే జనం దాన్ని నెత్తిన పెట్టుకుంటారు. ఉన్న బలం కన్నా ఎక్కువ ఊహించుకుంటారు. అప్పుడే అది గెలవదని కాయాలి. పాత సీజన్ల ఫలితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఆ నియమం పెట్టి చూశాడు. జట్ల పేర్లు కనబడితే మనసు అటూ ఇటూ లాగుతుందని పేర్లు తీసేసి నంబర్లు పెట్టాడు, ఫ్యాక్టరీలో పెట్టెల్లాగే.

"చేపలు పోయి ఫుట్‌బాల్ వచ్చింది," అంది భార్య మారియన్, టీ కప్పు బల్ల మీద పెడుతూ. "పోనీలే, దీనికి వాసన లేదు."

లెక్క లాభమే చూపించింది. పెద్ద లాభం కాదు. నెమ్మదిగా, మెట్టు మీద మెట్టు ఎక్కుతున్నట్టు పెరిగే లాభం. డెరిక్‌కి నచ్చింది కూడా అదే. మరుసటి సీజన్ నుంచి, మనిషికీ మనిషికీ మధ్య పందెం కుదిర్చే వెబ్‌సైటులో చిన్న చిన్న మొత్తాలు కాయడం మొదలుపెట్టాడు. అక్కడ పేర్లు దాచడం కుదరదు. కొన్ని వారాలు నియమం తిన్నగా వెయిన్స్‌బీ టౌన్ మీదికే వేలు చూపించేది. సొంత ఊరి జట్టు. అంతకన్నా ముఖ్యం, ఆ జట్టు గోల్‌కీపర్ జోయెల్, మారియన్ అక్క సిల్వియా కొడుకు. వాడికి నడక కుదరగానే సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్లి బంతి విసిరి పట్టించిన మొదటి మనిషి డెరిక్.

మొదటిసారి వాడి జట్టు గెలవదని కాసినప్పుడు డెరిక్ చెయ్యి ఒక క్షణం ఆగింది. నియమం నియమమే అనుకుని మీట నొక్కాడు. ఆ రోజు వెయిన్స్‌బీ ఓడింది. తర్వాత మళ్లీ అలాంటి సందర్భం వచ్చింది. మళ్లీ ఓడింది. ఇంకోసారి డ్రా.

ఆ చలికాలమంతా డెరిక్‌ని ఒక సంగతి లోపల్లోపల గీరుతూనే ఉంది. ఏ పద్ధతికైనా చెడ్డ రోజులుంటాయి. వాటిని తట్టుకోవడానికి ఆయన డబ్బు విడిగా దాచుకున్నాడు కూడా. వెయిన్స్‌బీ మీద కాసిన పందేలకి మాత్రం ఆ చెడ్డ రోజులు రావడం లేదు. ఫ్యాక్టరీలో టెంపరేచరు ముల్లు అసలు కదలకపోతే, గది బాగుందని ఎవరూ సంతోషించేవాళ్లు కాదు. మీటరు పాడయిందని విప్పి చూసేవాళ్లు. ఆ సంగతి డెరిక్‌కి తెలియనిది కాదు. ఈ మీటరుని మాత్రం ఆయన విప్పలేదు. పందెం మొత్తాలు పెంచి, వచ్చిన లాభంతో మారియన్ ఎన్నాళ్లుగానో అడుగుతున్న కొత్త వంటగది చేయించాడు.

నెవిల్ మాత్రం పబ్బులో ఛాతీ విరుచుకుని తిరిగాడు. "మా డెరిక్‌ని అడగండి. మనవాళ్లు ఎప్పుడు మట్టికరుస్తారో వారం ముందే చెబుతాడు," అనేవాడు వచ్చినవాళ్లతోనూ పోయేవాళ్లతోనూ. "ఇంతవరకు ఒక్కటీ తప్పలేదు."

"నోరు మూసుకోరా," అనేవాడు డెరిక్, నవ్వు ఆపుకుంటూ.

ఫిబ్రవరిలో ఒక శనివారం, వాన పడుతోంది. సొంత మైదానంలో మ్యాచ్. డెరిక్ ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాడు. ఆట మొదలు కాకముందు ఒక మనిషి వచ్చి పక్క సీటులో కూర్చున్నాడు. బూడిదరంగు కోటు, శుభ్రంగా గీసిన గడ్డం. చేతుల్లో రెండు టీ కప్పులు. ఒకటి డెరిక్ చేతికిచ్చాడు.

"మిస్టర్ ఆల్సప్ కదా. చల్లారకముందే తాగండి."

"మీరెవరో గుర్తు రావట్లేదండీ."

"మనం కలవలేదు. మీ పేరు విన్నాను." ఆయన మైదానం వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. "మీకు చెప్పేది ఎవరు?"

"ఏం చెప్పడం?"

"వెయిన్స్‌బీ ఎప్పుడు గెలవదో."

డెరిక్ తన పద్ధతి మొత్తం వివరించాడు. రెండు గెలుపులు, జనం ఆశ, పాత సీజన్ల పరీక్ష, అన్నీ. ఆ మనిషి మధ్యలో అడ్డు రాకుండా, తల ఊపుతూ విన్నాడు.

"బాగుంది," అన్నాడు చివరికి. "ఎవరడిగినా ఇలాగే చెప్పండి."

"నేను చెప్పింది నిజమండీ."

"కావచ్చు. మా వాళ్లకు మాత్రం, మా కుర్రాడు రెండు చోట్ల మాట్లాడుతున్నాడేమోనని అనుమానం. మీ ఆవిడ అక్కగారి అబ్బాయేనట కదా. చుట్టరికం మంచిదే, కాదనను." కింద గోల్ ముందు జోయెల్ ఒళ్లు వెచ్చబరచుకోవడానికి బంతులు పట్టుకుంటున్నాడు. ఆ మనిషి కాసేపు వాణ్ణే చూశాడు. "రెండో సగం జాగ్రత్తగా చూడండి మిస్టర్ ఆల్సప్. మీ పద్ధతికి పనికొస్తుంది."

ఆట మొదలయ్యేలోపే లేచి వెళ్లిపోయాడు. డెరిక్ చేతిలో టీ అలాగే ఉండిపోయింది.

రెండో సగంలో అవతలి జట్టువాడు దూరం నుంచి కొట్టిన బంతి, దెబ్బలో పస లేదు, గడ్డి మీద దొర్లుతూ వచ్చింది. జోయెల్ కుడివైపు వాలాడు. బంతి వాడి చేతుల కిందనుంచి లోపలికి పోయింది. "పాపం, తడిసి జారుతోంది," అన్నారు వెనక సీట్లవాళ్లు. జనమంతా బంతిని చూశారు. డెరిక్ చేతుల్ని చూశాడు. ఆ చేతుల్ని నేలకి ఎలా ఆనించాలో ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని నేర్పినవాడు ఆయనే. వాడు వాటిని కావాలనే పైకి లేపాడు.

మర్నాడు పొద్దున మారియన్ చర్చికి వెళ్లాక డెరిక్ కంప్యూటర్ ముందు కూర్చుని నంబర్ల స్థానంలో పేర్లు పెట్టాడు. వెయిన్స్‌బీ మ్యాచ్‌లు తీసేసి, పాత సీజన్ల నుంచీ లెక్క మళ్లీ వేశాడు. లాభం లేదు. కొన్నాళ్లు పైకీ కొన్నాళ్లు కిందికీ కొట్టుకుని, చివరికి నష్టంలోనే తేలింది. ఆయన పద్ధతిలో ఏ మహిమా లేదు. జట్టు వరసగా గెలిచినప్పుడే జనం దాని మీద కాస్తారు. జనం కాసినప్పుడే దాన్ని ఓడించడంలో డబ్బుంటుంది. మ్యాచ్‌లు కొనే ఆ మనుషుల నియమమూ, ఈయన నియమమూ ఒకటే అయ్యాయి. ఇన్నాళ్లూ తను కొలిచింది ఫుట్‌బాల్‌ని కాదని, తన ఇంటి పిల్లవాడి తప్పునని అప్పుడు అర్థమైంది.

జోయెల్ ఇంటికి వెళ్లేసరికి వాడు గ్యారేజీలో కూతురు ఐవీ సైకిలుకి గాలి కొడుతున్నాడు. డెరిక్ లోపలికొచ్చి తలుపు వేశాడు.

"నిన్న ఒకాయన నాకు టీ కొనిచ్చాడు. బూడిదరంగు కోటు."

జోయెల్ చేతిలో పంపు ఆగిపోయింది. తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"ఒక్క మ్యాచ్ అన్నారు బాబాయ్, కొన్ని సీజన్ల కిందట. మోకాలు పోయింది, క్లబ్బు నన్ను ఉంచుకోదని అందరూ అనుకుంటున్నారు అప్పుడు. ఒక్కటే కదా అనుకున్నాను. ఆ ఒక్కదాన్నీ పట్టుకుని మిగతావన్నీ ఆడించారు."

"కుదరదని చెప్పలేకపోయావా?"

"చెప్పాను. ఐవీ నర్సరీ గేటు ఫోటో ఫోన్‌కి పంపారు. బెదిరింపు లేదు, ఏమీ లేదు. గేటు ఫోటో, అంతే." వాడు తల ఎత్తాడు. "నువ్వెంత సంపాదించావు బాబాయ్?"

డెరిక్ వాడి చేతిలోంచి పంపు తీసుకుని గోడకి ఆనించాడు.

"ఆ వంటగదిలో నేనూ సగం కట్టాను, కాదూ."

"ఆపెయ్ రా," అన్నాడు డెరిక్. "ఇక ఆపెయ్. నేనున్నాను కదా."

ఆ మాట అనేశాడు గానీ, తను ఉండి ఏం చేస్తాడో ఆయనకే తెలియదు. ఆ రోజే పోలీసుల దగ్గరికి వెళ్లాల్సింది. వెళ్లలేదు. అమ్ముడుపోయిన ప్రతి మ్యాచ్ మీదా తన పందెం ఉంది, తన గెలుపు ఉంది. పేర్లు తీసేసి లెక్క వేశానంటే ఎవడు నమ్ముతాడు? కొన్నాళ్లు కదలకుండా ఉంటే అదే సద్దుకుంటుందనుకున్నాడు.

వెయిన్స్‌బీ వరసగా రెండు మ్యాచ్‌లు గెలిచాక, సొంత మైదానంలో వాళ్లు ఓడమన్న ఆటలో జోయెల్ వచ్చిన ప్రతి బంతినీ ఆపాడు. పెనాల్టీని కూడా ఎడమచేత్తో పక్కకి నెట్టేశాడు. వెయిన్స్‌బీ గెలిచింది. గోల్ వెనక నిలబడ్డ జనం వాడి పేరు పాట కట్టి పాడారు. నెవిల్ లేచి నిలబడి టోపీ ఊపాడు. డెరిక్ కూర్చునే ఉన్నాడు. పక్క సీటు ఖాళీ. ఆట అయిపోయాక కూడా జనంలో ఆ బూడిదరంగు కోటు కోసం వెతుకుతూనే ఉన్నాడు. ఎక్కడా కనబడలేదు. కనబడి ఉంటేనే బాగుండేదనిపించింది.

ఆ వారంలోనే మధ్యాహ్నం భోజనాల వేళ సిల్వియా ఫోన్ చేసింది. మారియన్ చేయి తుడుచుకుని ఎత్తింది, విని, కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

ఆసుపత్రిలో జోయెల్ రెండు చేతులూ మణికట్టు నుంచి వేళ్ల కొసలదాకా కట్టులోనే ఉన్నాయి.

"కారు తలుపులో పడ్డాయి," అన్నాడు, పైకప్పు చూస్తూ.

"రెండూనా?" అంది మారియన్.

బెత్, జోయెల్ భార్య, గోడ వైపు తిరిగి నిలబడింది.

నడవాలోకి వచ్చాక డెరిక్ మారియన్‌కి మొత్తం చెప్పేశాడు. పద్ధతి, పందేలు, ఆ మనిషి, గ్యారేజీ. ఆమె తిట్టలేదు. ఏడవలేదు. ఆయన చెప్పడం అయ్యేదాకా ఆగి, "కోటు వేసుకో," అంది. ఇద్దరూ నడిచి పోలీస్ స్టేషన్‌కి వెళ్లారు.

చిన్న వయసు ఇన్‌స్పెక్టరమ్మ ఒకామె ఓపిగ్గా విన్నది.

"ఈ మ్యాచ్‌ల మీద మీరూ కాశారు కదా?"

"కాశాను."

"తెలిసిన రోజే ఎందుకు రాలేదు?"

"నన్ను కూడా వాళ్లలో కలిపేస్తారని."

"ఇప్పుడు మాత్రం కలపమా?"

"కలపండమ్మా," అన్నాడు డెరిక్. "వాణ్ణి మాత్రం కాపాడండి."

తర్వాత జోయెల్ కూడా నోరు విప్పాడు. వాణ్ణి ఆటనుంచి జీవితాంతం బహిష్కరించారు. చేతులు చూసినవాళ్లకి ఆ శిక్ష నవ్వులాటగానే కనిపించి ఉంటుంది. ఇద్దరు మనుషుల్ని పట్టుకుని జైలుకి పంపారు. వాళ్లు కార్లు నడిపేవాళ్లు, చెప్పిన పని చేసేవాళ్లు. బూడిదరంగు కోటు మనిషిని మాత్రం చూశామన్నవాళ్లు డెరిక్, జోయెల్ తప్ప ఇంకెవరూ లేరు. మైదానంలో కెమెరాలు ఆ సీట్ల వైపు తిరిగి లేవట. డెరిక్ గెలిచిన డబ్బంతా పోలీసులకు అప్పగించాడు. కోర్టు మందలించి వదిలేసింది. నెవిల్ పబ్బుకి రావడం మానేశాడు. ఒకసారి చేపల దుకాణం దగ్గర ఎదురుపడితే, "నా నోరేరా," అని మాత్రం అని, వరసలోంచి తప్పుకుని వెళ్లిపోయాడు. సిల్వియా చెల్లెలి గడప తొక్కడం లేదు. "నీ మొగుడి లెక్కలే నా కొడుకు చేతులు విరిచాయి," అన్నది ఆమె చివరి మాట. అది అబద్ధమని డెరిక్ ఎప్పుడూ అనలేదు.

జోయెల్ వస్తూనే ఉన్నాడు. ఎందుకు వస్తున్నాడో డెరిక్ అడగలేదు. వేసవిలో ఒక ఆదివారం బెత్, ఐవీ కూడా వచ్చారు. మారియన్ మాంసం కాల్చింది, బంగాళాదుంపలు, బఠాణీలు. జోయెల్ ఫోర్కు పట్టుకోగలుగుతున్నాడు గానీ బఠాణీలు నిలవడం లేదు. దొర్లి పడిపోతున్నాయి. ఐవీ తన చెంచాతో తీసి తండ్రి నోట్లో పెట్టింది.

"నాన్నా, సరిగ్గా తెరువు. నువ్వు చిన్నపిల్లాడివా?"

అందరూ నవ్వారు. బెత్ కూడా నవ్వింది, చాలా రోజుల తర్వాత.

అప్పుడే వీధిలో ఒక కారు వేగం తగ్గించిన చప్పుడైంది. జోయెల్ చేతులు బల్ల కిందికి తీసేసుకున్నాడు. కారు ఇంటి ముందు కొంచెంసేపు, చిరునామా వెతుక్కుంటున్నట్టు, మెల్లగా కదిలింది. తర్వాత వెళ్లిపోయింది. ఇంజను చప్పుడు రేవు వైపు దూరమయ్యేదాకా ఎవరూ చెంచా ఎత్తలేదు.

మారియన్ లేచి వెళ్లి, పట్టపగలే, కిటికీకి పరదా లాగింది.