లుంగీ కింద తొంభై నిమిషాలు

ఎద్దు వయసు తెలుసుకోవడానికి దస్రిల్ పళ్ళు చూసేవాడు కాదు. పళ్ళు అరగదీసి అమ్మేవాళ్ళు పాయకుంబూ పశువుల సంతలో చాలామందే ఉన్నారు. ఎద్దు పడుకున్న చోటి నుంచి లేచే తీరు చూసేవాడు. వెనక కాళ్ళు ఎత్తాక ముందు మోకాళ్ళ మీద ఒక్క క్షణం ఎక్కువ ఆగిందంటే, దానికి ఇంక రెండు దుక్కులే మిగిలాయని లెక్క. ఇరవై ఏళ్ళలో ఈ లెక్క అతనికి తప్పలేదు. రోజూ పొద్దున్నే పడక మీంచి లేచేటప్పుడు తానెంతసేపు ఆగుతున్నాడో మాత్రం ఎన్నడూ చూసుకోలేదు.

అతనికి ముప్పై ఎనిమిదేళ్ళు. ఊరి ఫుట్‌బాల్ జట్టులో పంతొమ్మిదేళ్ళుగా మధ్యలో ఆడుతున్నాడు. అందులో పదకొండేళ్ళు కెప్టెన్. ఎనిమిదో నంబరు చొక్కా అతని ఒంటి మీదే మూడుసార్లు చిరిగి మూడుసార్లు కొత్తదయింది.

ఫైనల్ శనివారమనగా, ముందు ఆదివారం సంతకు జట్టు కోచ్ మస్రిజాల్ వచ్చాడు. ఆయన బడిపంతులు. పశువులంటే భయం. బురదలో చెప్పులు ఊడిపోకుండా అడుగు తీసి అడుగు వేస్తూ దస్రిల్ కట్టుకొయ్యల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఈ గిత్త ఎలాంటిది, దస్రిల్?"

"నీకెందుకు పంతులూ? తీసుకెళ్ళి మూడో తరగతిలో కూర్చోబెడతావా?"

చుట్టూ ఉన్న బేరగాళ్ళు నవ్వారు. పలుపులు పట్టుకుని నిలబడ్డ రెఫ్కీ కూడా నవ్వి, వెంటనే తల దించుకున్నాడు. రెఫ్కీ దస్రిల్ అక్క యుస్నిదర్ కొడుకు. పంతొమ్మిదేళ్ళవాడు. సంత రోజున మామకు సాయంగా వస్తాడు గాని, బేరానికి పనికిరాడని దస్రిల్ ఎప్పుడో తేల్చేశాడు. వాడి మనసులో ఏముందో ముఖంలోకి వచ్చేస్తుంది. వచ్చినవాడు అది చూసే సగం ధర తగ్గించేస్తాడు.

బంతి దగ్గర మాత్రం వాడి సంగతి వేరు. మూడేళ్ళ వయసులో దబ్బకాయ తన్నడం నేర్పింది దస్రిలే. తండ్రి ఇంట్లో ఉన్నా, బడిలో చేర్చడం దగ్గర్నుంచి జట్టులో చేర్చడం దాకా అన్నీ మామ చేతి మీదుగానే జరిగాయి. ఆ సీమలో మేనల్లుడి బతుకు మేనమామ పూచీ. జట్టులో చేర్చిన రోజున మధ్యలో ఖాళీ లేదు. అక్కడ దస్రిల్ ఉన్నాడు. అందుకని వాణ్ణి ఎడమ వైపు వెనక నిలబెట్టారు. మూడేళ్ళయినా వాడు అక్కడే ఉన్నాడు.

"శనివారం పడాంగ్ పట్నం నుంచి పెద్ద క్లబ్బు మనిషి వస్తున్నాడు," అన్నాడు పంతులు గిత్త తోక వైపు చూస్తూ. "రెఫ్కీని చూడడానికే."

"తెలుసు. మా అక్క మనసులో వాణ్ణి అప్పుడే బస్సెక్కించేసింది."

"ఇరవై నిండితే తీసుకోరట. వీడికి వచ్చే నెలతో నిండుతాయి. మళ్ళీ ఇంకో ఫైనల్ ఉండదు వీడికి."

"అదీ తెలుసు."

"మరి... వచ్చినవాడు కుర్రాడు ఎక్కడ ఆడితే అక్కడే కదా చూస్తాడు."

దస్రిల్ గిత్త మూపురం మీది ఈగలు తోలాడు. పంతులు గొంతు సవరించుకున్నాడు. "ఎడమ వైపు వాడు బాగానే ఆడతాడనుకో. కానీ వాడు పుట్టింది మధ్యలో ఆడడానికి. నీకు తెలియంది కాదు."

పక్క కట్టుకొయ్య దగ్గర కూర్చుని కొబ్బరి చిప్పలో కాఫీ ఆకుల కషాయం తాగుతున్న ముసలి కహార్ పెద్దగా నవ్వాడు. "ఒరేయ్, పంతులు గిత్తను కొనడానికి రాలేదురా! ముసలెద్దును విప్పడానికొచ్చాడు!"

ఈసారి అందరూ నవ్వారు, దస్రిల్ తప్ప. రెఫ్కీ ముఖం ఎర్రబడింది.

దస్రిల్ భుజం మీది లుంగీ తీశాడు. సంతలో ఎవరూ ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ లుంగీ కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియదు, ఎవరి పరువూ పోదు. నోటితో అనలేనివి చాలా ఆ గుడ్డ కిందే తెగుతాయి.

"వాణ్ణే అడుగుదాం," అన్నాడు. "ఇలా రా, రెఫ్కీ. శనివారం నన్ను ఎన్ని నిమిషాలు ఆడమంటావు? ఒక్కో వేలికి పది."

"వద్దు మామా. అందరూ చూస్తున్నారు."

"చూడనీరా. గుడ్డ మీద ఏముంది చూడడానికి?"

వాడు చెయ్యి లోపలికి పెట్టాడు. అరచెయ్యి తడిగా ఉంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత వాడు దస్రిల్ వేళ్ళు నాలుగు కలిపి పట్టుకున్నాడు. గట్టిగా, తడబాటు లేకుండా పట్టుకున్నాడు. నలభై. సగం ఆట. మరుక్షణం కాలినట్టు వదిలేశాడు. మళ్ళీ తడిమి ఐదు వేళ్ళూ పట్టుకుని, వదిలి, మళ్ళీ నాలుగు పట్టుకున్నాడు. తొంభై.

మొదటి పట్టే అసలు ధర. ఆ తర్వాత పట్టేవన్నీ బేరం, మొహమాటం, భయం. ఈ మాట ఆ సంతలో కొత్తవాళ్ళకు దస్రిలే చెబుతుంటాడు.

"తొంభై!" అన్నాడు పైకి, అందరికీ వినపడేలా.

కహార్ నవ్వు ఆగిపోయింది. గుడ్డ కింది మాటను నోటితో చెప్పినవాణ్ణి ఆ ముసలాయన తన జన్మలో చూడలేదు. పంతులు రెఫ్కీ ముఖంలోకి ఒకసారి చూసి, "సరే, తొంభై," అని, బురదలో చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా దస్రిల్ తనకు తాను లెక్క చెప్పుకున్నాడు. మధ్యలో నేనుంటేనే కదా కుర్రాడికి మంచి బంతులు అందేది? పది బంతులు అందిస్తాను. పదింట్లో నాలుగు వాడు పరిగెత్తి పట్టుకుంటాడు. నాలుగు చాలు. వచ్చినవాడికి కళ్ళుంటే అదే కనపడుతుంది. నేను లేకపోతే జట్టు బెదురుతుంది, ఓడిపోతుంది, ఓడిన జట్టులోంచి ఎవణ్ణి తీసుకుంటారు? లెక్క ఎటునుంచి వేసినా సరిపోతోంది. అలా అన్ని వైపులా సరిపోయే లెక్కను ఇంకొకడు చెబితే దస్రిల్ ఆ పశువును ముట్టుకునేవాడు కాదు. ఇందులో ఒకటి కలపలేదని అతనికి తెలుసు. శనివారాలు పోతే తన దగ్గర మిగిలేది ఆదివారమే. బురద, పేడ, పలుపులు. ఊళ్ళో పిల్లలు అతన్ని చూసి దారి ఇచ్చేది ఎద్దుల కోసం కాదు.

శనివారం పొద్దున యుస్నిదర్ ఇద్దరికీ గుడ్డు సొన గిలక్కొట్టి కలిపిన టీ గ్లాసుల్లో పోసి ఇచ్చింది. నురగ పైదాకా వచ్చింది.

"తమ్ముడూ, నా కొడుకును ఆ పడాంగ్ ఆయనకు బాగా కనపడేలా చెయ్యి."

"నేనున్నాగా అక్కా."

"నువ్వున్నావనే ధైర్యం," అందామె. రెఫ్కీ గ్లాసులోకి చూస్తూ తాగాడు.

మైదానం చుట్టూ ఊళ్ళకు ఊళ్ళే వచ్చి నిలబడ్డాయి. గెలిచిన జట్టుకు ఇచ్చే గిత్త కొమ్ములకు రంగు కాగితాలు చుట్టి ఒక పక్క కట్టేశారు. పందిరి కింద మూడో కుర్చీలో నల్ల టోపీ పెట్టుకున్న పడాంగ్ మనిషి ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. మైకు పట్టుకున్నవాడు మొదలుపెట్టాడు.

"ఎనిమిదో నంబరు, మన దస్రిల్! ఈయన ఆట మొదలెట్టిన రోజుల్లో మన రిఫరీగారు ఇంకా చెడ్డీలేసుకుని తిరిగేవారు!"

మొదటి ఇరవై నిమిషాలు బాగానే సాగింది. మూడు బంతులు రెఫ్కీకి అందించాడు, ఒకటి చాలా బాగా. తర్వాత కాళ్ళు ఇసుకలో దిగినట్టయ్యాయి. అవతలివాళ్ళు అతన్ని దాటుకుని పోవడం మొదలుపెట్టారు. అయినా గోల్ పడడం లేదు. ఎందుకు పడడం లేదో కాసేపు అతనికి అర్థం కాలేదు. తాను వదిలేసిన బంతి దగ్గరికి ప్రతిసారీ ఎవరో వస్తున్నారు. రెఫ్కీ. ఎడమ వైపు నుంచి లోపలికి పరిగెత్తుకొచ్చి, మామ వెనక ఖాళీని నింపి, బంతి గుంజుకుని, మళ్ళీ దాన్ని మామ కాళ్ళ దగ్గరికే తోస్తున్నాడు. తోసి మళ్ళీ తన చోటికి పరిగెడుతున్నాడు. ఇద్దరి పని ఒక్కడు చేస్తున్నాడు. ఇది ఈ రోజు మొదలైంది కాదని దస్రిల్‌కు అప్పుడు తట్టింది. రెండేళ్ళుగా తన కాళ్ళ దగ్గరికి బంతి వస్తూనే ఉంది. తానే వెళ్ళి తెచ్చుకుంటున్నాననుకున్నాడు.

నలభయ్యో నిమిషంలో రెఫ్కీ అలా లోపలికి వచ్చినప్పుడే వాడు వదిలిన ఖాళీలోంచి అవతలివాళ్ళు దూసుకుపోయి గోల్ కొట్టారు. నల్ల టోపీ మనిషి పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

హాఫ్‌టైంలో పంతులు నారింజ ముక్కలు పంచుతూ ఎవరి ముఖమూ చూడలేదు. జట్టు చొక్కా తొడిగిన కుర్రాడొకణ్ణి ఆయన సిద్ధంగా కూర్చోబెట్టాడు. దస్రిల్ చెయ్యి ఎత్తితే చాలు. అతను రెఫ్కీ వైపు చూశాడు.

"బాగానే ఉన్నావు మామా," అన్నాడు వాడు, రొప్పుతూ. "ఇంకా ఆడగలవు."

దస్రిల్ లేచాడు. లేచేటప్పుడు మోకాళ్ళ మీద ఆగాడు. ఈసారి ఆగడం అతనికి తెలిసింది.

రెండో సగం మొదలైన ఏడో నిమిషంలో ఫ్రీ కిక్ దొరికింది. పరుగు అక్కర్లేని పని. దస్రిల్ నాలుగడుగులు వేసి కొట్టాడు. బంతి గోడ కట్టిన మనుషుల తలల మీంచి వంపు తిరిగి మూలకు వెళ్ళి పడింది. జనం హోరెత్తిపోయారు. మైకువాడి గొంతు పోయింది. ఎవరో బాణసంచా కాల్చారు. గిత్త బెదిరి పలుపు లాగింది. కుర్రాళ్ళందరూ మీద పడి కౌగిలించుకున్నారు. అందరికంటే ముందు వచ్చింది రెఫ్కీ. ఆ చప్పుడులో ఎవడు మాత్రం మైదానం వదిలి బయటికి వెళతాడు?

మళ్ళీ ఓ పావుగంట గడిచాక, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుంటూ, దస్రిల్ పందిరి వైపు చూశాడు. మూడో కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద ఖాళీ నీళ్ళ సీసా పడి ఉంది.

అతను చెయ్యి ఎత్తాడు. రిఫరీ ఆట ఆపాడు. కెప్టెన్ పట్టీ విప్పి రెఫ్కీ చేతికి కట్టాడు. వాడు ఏదో అనబోతే, "మధ్యలోకి వెళ్ళు," అని మాత్రం అన్నాడు. జనం చప్పట్లు కొడుతుంటే గీత దాటి బయటికొచ్చి గడ్డి మీద కూర్చున్నాడు.

ఆ చివరి ఇరవై నిమిషాలు ఊరు చాలాకాలం చెప్పుకుంటుంది. రెఫ్కీ మధ్యలో నిలబడగానే మైదానం పెద్దదయినట్టయింది. వాడు పరిగెత్తడం తగ్గించాడు. బంతే పరిగెత్తింది. ఇటు తిరిగినట్టు కనిపించి అటు పంపాడు. ముగ్గురి మధ్యలోంచి సన్నటి సందు చూసి ఒక పాస్ ఇచ్చాడు, ముందున్నవాడికి కాలు ఆనించడం తప్ప పని లేకపోయింది. గోల్. రెండు ఒకటి.

"ఎవరయ్యా వీడు?" అని మైకువాడు బొంగురు గొంతుతో అరిచాడు. "ఈ కుర్రాణ్ణి ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారయ్యా?"

జనం నవ్వారు. దస్రిల్ గడ్డి పీకుతూ కూర్చున్నాడు.

ఆట అయ్యాక పంతులును పందిరి వెనకకు తీసుకెళ్ళాడు. "ఎప్పుడు వెళ్ళాడు ఆయన?"

"నీ గోల్ అయిన ఐదు నిమిషాలకు. చీకటి పడకముందే పడాంగ్ వెళ్ళే లోయ రోడ్డు దాటాలన్నాడు. నీ గోల్‌కు చప్పట్లు కూడా కొట్టాడు."

"ఏమన్నాడు?"

"పోనీలే, దస్రిల్."

"ఏమన్నాడో చెప్పు పంతులూ."

"ఎనిమిదో నంబరుకు వయసెంత అని అడిగాడు. చెప్పాను. అయ్యో అన్నాడు." పంతులు ఆగాడు. "ఎడమ వైపు కుర్రాడికి కాళ్ళలో సత్తువుంది గాని తన చోట తాను నిలబడడు అన్నాడు."

"ఫోన్ చెయ్యి. మధ్యలో ఆడింది చూడలేదని చెప్పు."

"చేశాను. పేర్లు ఇవాళే పంపేయాలట. పంపేశాడు."

పొద్దు గుంకే వేళకు ఊళ్ళో గిత్తను ఊరేగిస్తున్నారు. యుస్నిదర్ ఇంటి మెట్ల మీద రెఫ్కీ కాళ్ళు కడుక్కుంటున్నాడు. లోపల రెండాంగ్ మాంసం కూర మాడిన వాసన వస్తోంది. ఆమె పొయ్యి దగ్గరే ఉండి కలపడం మరిచిపోయింది. తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. అంటే అతనికి బాగుండేది.

దస్రిల్ మేనల్లుడి పక్కన కూర్చున్నాడు. భుజం మీది లుంగీ తీసి ఇద్దరి మోకాళ్ళ మీదా కప్పాడు. లోపల వాడి చెయ్యి వెతికి, నాలుగు వేళ్ళు కలిపి పట్టుకున్నాడు.

"ఆ రోజు నువ్వు చెప్పింది ఇది. నాకు తెలిసిందిరా. అప్పుడే తెలిసింది."

ఊరేగింపు డప్పులు వీధి చివరకు వెళ్ళాయి.

"కాదు మామా," అన్నాడు రెఫ్కీ చివరికి. "చెయ్యి జారింది, అంతే."

దస్రిల్ వాడి ముఖంలోకి చూశాడు. పంతొమ్మిదేళ్ళుగా తెరిచి పెట్టినట్టుండే ఆ ముఖంలో ఈసారి అతనికి ఏమీ కనపడలేదు.

"ఎనిమిదో నంబరు చొక్కా నీదే ఇక. ఉతికించి తెస్తాను."

"మంచిది మామా. రేపు సంతకు ఎన్నింటికి బయల్దేరాలి?"

మర్నాడు రెఫ్కీ భుజం మీద సొంత లుంగీ వేసుకుని వచ్చాడు. పలుపులు పట్టుకోవడానికి కాదు, బేరానికే. దస్రిల్ వద్దనలేకపోయాడు. ఎవరో మలినాంగ్ నుంచి వచ్చినవాడు నల్ల ఆవును అడిగాడు. రెఫ్కీ గుడ్డ కప్పి చెయ్యి కలిపాడు. వచ్చినవాడు పట్టాడు, వదిలాడు, మళ్ళీ పట్టాడు, నవ్వాడు, విసుక్కున్నాడు, వెళ్ళిపోబోయి తిరిగొచ్చాడు. రెఫ్కీ ఆవు మూపురం మీదుగా దూరంగా చూస్తూ నిలబడ్డాడు. రెప్ప కూడా కదపలేదు. చివరికి రెఫ్కీ అడిగిన ధరకే ఆవు పోయింది.

ముసలి కహార్ కషాయం చిప్ప కింద పెట్టి, దస్రిల్ వైపు వంగాడు.

"మీ వాడికి చెయ్యి కుదిరిందిరా. ముఖంలో ఏమీ కనపడనివ్వడు. పైకొస్తాడు."

దస్రిల్ అవునని తల ఊపాడు. పడుకున్న ఎద్దునొకదాన్ని లేపడానికి వెళుతున్నట్టు లేచి, కట్టుకొయ్యల అవతలికి నడిచి, తన ముఖం ఎవరికీ కనపడకుండా వీపు తిప్పి నిలబడ్డాడు.