ఉప్పునీళ్లలో పేగుముక్క

వంతెనలు కట్టి రిటైరైన ఇంజనీరుకి అల్లుడి ఉద్యోగమంటే ఒళ్లుమంట. ప్రయోగశాలలో గోరువెచ్చని ఉప్పునీళ్లలో ఎలుక పేగుముక్కని దారంతో వేలాడదీసి, అది ముడుచుకుంటోందా లేదా అని చూస్తూ కూర్చోవడం! అదీ ఒక పనేనా? "మీ అల్లుడేం చేస్తుంటాడు?" అని ఎవరైనా అడిగితే, "పేగులు లెక్కపెడుతుంటాడు" అనేవాడు. అల్లుడు పక్కగదిలో ఉంటే ఇంకాస్త గట్టిగా అనేవాడు.

తుంటి ఆపరేషనయ్యాక కూతురింట్లోనే మంచమెక్కాడు. ఆస్పత్రివాళ్లిచ్చిన మాత్రలకి నొప్పి హాయిగా తగ్గింది గానీ, కడుపు రాయిలా బిగుసుకుపోయింది. ఆ సంగతి నోరువిప్పి చెబితే మహానుభావుడి పరువేం కావాలి? కడుపునొప్పికీ ఆ మాత్రే మింగాడు. ఇంకా బిగిసింది. ఇంకోటి మింగాడు. పొద్దున్నే వాంతయింది. మళ్లీ కోస్తారేమో, ఈసారి బల్లమీంచి లేవనేమోనని లోలోపల వణికిపోయాడు.

అల్లుడు వచ్చి, ఖాళీ అవుతున్న మాత్రల అట్ట ఓసారి చూసి, మంచం పక్కన కూర్చున్నాడు. "మావయ్యగారూ, విరేచనమై ఎన్నాళ్లయింది?"

"మీ ఎలుకల్ని అడగండి!"

అల్లుడు ఫోనులో ప్రయోగశాల వీడియో ఒకటి తీసి చూపించాడు. తెరమీద ఒక గీత లేస్తూ పడుతూ సాగుతోంది. "ఇది పేగు ముడుచుకోవడం. ఇదిగో, మీ మాత్రలో ఉండే మందే ఒక చుక్క వేశాను."

గీత చదునుగా పడిపోయింది.

"నొప్పిని అణిచే మందే పేగుకండరాన్నీ ఆపేస్తుందండీ. మీరేమో ఆ బాధకి మళ్లీ అదే వేసుకున్నారు."

ఇంజనీరు ఫోను లాక్కున్నాడు. "తర్వాతేమైంది దానికి?"

"నీళ్లు మార్చి కడిగేశాను. మళ్లీ కదిలింది."

"అయితే నన్నూ కడిగించవయ్యా బాబూ!"

ఆస్పత్రిలో డాక్టరు ఆ మాత్రలు మాన్పించి వేరేవి రాశాడు, ఎనిమా ఇప్పించాడు. మర్నాడు ఇంట్లో ఇంజనీరుని బాత్‌రూముకి నడిపించింది అల్లుడే. తలుపు బయట నిలబడిందీ అల్లుడే. లోపలినించి వినబడ్డ శబ్దాలకి ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది.

సాయంత్రం పాత ఆఫీసు మిత్రుడొకడు పలకరించడానికి వచ్చాడు. కాసేపు కూర్చుని, మాటల మధ్యలో అడిగాడు. "ఇంతకీ మీ అల్లుడేం చేస్తుంటాడు?"

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. పరిశోధన అందామా, శాస్త్రవేత్త అందామా అని తడుముకుంటుండగానే పక్కగదిలోంచి అల్లుడు అందుకున్నాడు.

"పేగులు లెక్కపెడుతుంటానండీ."

ఇంజనీరుకి తల కొట్టేసినట్టయింది.