ఐదు రోజుల లోపు

తొమ్మిదిన్నరకల్లా నరసప్ప పదకొండు ఫోన్లకు జవాబు చెప్పేశాడు. అతను పనిచేసేది దుకాణాలకీ బడులకీ ఇంటర్నెట్‌లో వెబ్‌సైట్ల పేర్లు నమోదు చేసి, ఏటేటా గడువు పొడిగించే కంపెనీలో. అసలు ఆఫీసు బెంగళూరులో. ఫోన్లు ఎత్తేది మాత్రం హిందూపురంలో, బట్టల కొట్టు పైఅంతస్తులో. అతనికి ఏభై నాలుగేళ్లు. మెడ ఎప్పుడూ కొంచెం ఎడమవైపు వంగి ఉంటుంది. పెనుకొండ బస్టాండు దగ్గర పద్నాలుగేళ్లు ఎస్‌టీడీ బూత్ నడిపినప్పుడు, రిసీవర్‌ని భుజంతో నొక్కిపెట్టి నంబర్లు రాసుకున్న అలవాటు. బూత్ మూతపడింది. మెడ అలాగే ఉండిపోయింది.

ఇలాంటి కంపెనీలు ఎక్కువై, ఒకరి ఖాతాదారుల్ని ఒకరు లాక్కోవడం మొదలయ్యాక, వాటి సంఘం అందరికీ ఒకే సేవా ప్రమాణాలు ఉండాలంది. ఎవరి ముసాయిదా వాళ్లు పంపాలి. మేనేజర్ హరిప్రసాద్ పోయిన నెల ఆ పని నరసప్పకిచ్చాడు.

"నువ్వే సీనియర్ కదన్నా. మంచి సర్వీసంటే ఏందో రాయి."

అంతవరకు అతన్ని ఎవరూ ఏదీ రాయమని అడగలేదు. ఆదివారమంతా వంటింటి గడప మీద కూర్చుని నాలుగు పేజీలు రాశాడు. రాసిందల్లా భార్య నాగక్కకు చదివి వినిపించాడు. మొదటి వాక్యం ఇది: ఖాతాదారుడు వేరే కంపెనీకి పోతానంటే, సైటు పేరును అక్కడికి మార్చుకునే కోడ్ అడిగిన రోజే ఇవ్వాలి.

"అంతే మరి. పోయేటోళ్లని బాగా పంపిస్తేనే గదా మళ్లా వచ్చేది" అంది నాగక్క. అదీ రాసుకున్నాడు.

ఈ మంగళవారం పది గంటలకు హరిప్రసాద్ అచ్చు ప్రతులు పంచాడు. నరసప్ప మొదటి వాక్యం వెతికాడు. "కోడ్ ఐదు రోజుల లోపు ఇవ్వబడును" అని ఉంది.

"సార్, నేను అడిగిన రోజే అని రాసినా."

"ఐదు రోజులు టైముండాది కదన్నా. మనం ఐదోనాడు సాయంత్రం ఇస్తాం. ఈలోపల గడువు దగ్గర పడినోళ్లు భయపడి మనతోనే పొడిగించుకుంటారు."

చివరి పేజీ అడుగున ఇంకో వాక్యం ఉంది. తయారు చేసినవారు: పి. నరసప్ప.

"నా పేరు తీసేయండి సార్."

"గౌరవమే కదన్నా! వెబ్‌సైట్లో కూడా పెట్టేసినాం."

పదకొండున్నరకు ధర్మవరం నుంచి జయరాముడనే నేతగాడు ఫోన్ చేశాడు. రెండు మగ్గాలు, నేసిన చీరలు అమ్ముకునే ఒక సైటు. పెళ్లిళ్ల రోజుల్లోనే సైటు రెండుసార్లు ఆగిపోయిందట. వేరే కంపెనీకి పోదామనుకున్నాడు.

"శుక్రవారానికి గడువైపోతాది సార్. కోడ్ ఆదివారం ఇస్తామంటాండారు. ఈలోపల సైటు మూసుకుపోతే నా చీరలు చూసేదెవరు?"

"రూల్ అట్లుండాదప్పా."

"రూల్ చదివినా. కింద ఎవరో నరసప్ప అని ఉండాది. ఆయప్ప ఒక్కనాడన్నా మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్యాడేమో అడగండి."

ఆ నరసప్ప తానేనని చెప్పడానికి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. చెప్పలేకపోయాడు. తెర మీద జయరాముడి పేజీ తెరిచాడు.

"పెన్ను తీసుకోప్పా. రాసుకో. పి, పెనుకొండ. ఆర్, రొద్దం. డి అంటే మీ ధర్మవరమే. ఆ పైన ఏడు."

పక్క కుర్చీల వాళ్లు తిరిగి చూశారు. అతను గొంతు తగ్గించలేదు. పదహారు అక్షరాలూ ఊళ్ల పేర్లతో చెప్పి, జయరాముడి చేత రెండుసార్లు తిరిగి చెప్పించుకున్నాడు. కొత్త కంపెనీ పేజీలో ఆ కోడ్ ఎక్కడ రాయాలో కూడా చెప్పాడు.

"మీరొక్కరే సార్ మనిషి మాదిరి మాట్లాడినారు. మీ పేరేంది?"

"పేరుతో ఏం పన్లేప్పా" అని ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నం డబ్బాలో నాగక్క పెట్టిన ఉగ్గాని సగం అలాగే మిగిలిపోయింది.

నాలుగింటికి హరిప్రసాద్ లోపలికి పిలిచాడు.

"పద్దెనిమిది నిమిషాల కాల్. కోడ్ కూడా ఇచ్చేసినావు. నువ్వు రాసిన రూలు నువ్వే తప్పితే ఎట్లన్నా?"

"నేను రాసింది అది కాదు సార్."

హరిప్రసాద్ కిటికీ వైపు చూశాడు. "రేపట్నుంచి రావద్దంటాండారు బెంగళూరోళ్లు. నా చేతిలో ఏం లేదు."

తలుపు తెరిచే కార్డు బల్ల మీద పెట్టి నరసప్ప బయటికొచ్చాడు. ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు. అందరి ఫోన్లూ మోగుతూనే ఉన్నాయి. ఇంటికి పోయే బస్సు సోమందేపల్లి దాటాక, ఏసీ చలికని తెచ్చుకున్న స్వెట్టర్ కుర్చీకే వదిలేశానని గుర్తొచ్చింది. ఇప్పుడు వెనక్కి పోయినా తలుపు తెరుచుకోదు.

రెండు వారాలకు సంఘం ఆ ప్రమాణాలను యథాతథంగా ఆమోదించింది. అన్ని కంపెనీలూ వాటిని తమ వెబ్‌సైట్లలో పెట్టుకున్నాయి, అడుగున నరసప్ప పేరుతో సహా. జయరాముడు చేరిన కొత్త కంపెనీ కూడా.

హిందూపురం ఆఫీసులో ఆ మూల కుర్చీలోకి ఇంకా ఎవరూ రాలేదు. నాగక్క మోచేతుల దగ్గర పచ్చదారంతో కుట్టిన బూడిదరంగు స్వెట్టర్, కుర్చీ వీపుకు వేలాడుతూ, ఏసీ గాలికి ఒక చెయ్యి కొద్దిగా ఊపుతోంది.