గంట కొడితే వచ్చే బల్లకట్టు

"దారిలో బాత్రూంలు ఎక్కడెక్కడ ఉన్నాయో కనుక్కున్నావా?" అని అత్తగారు అడిగిన రోజునుంచీ ప్రయాణం బరువంతా కోడలి నెత్తిన పడింది. పడింది అంటే ఎవరో తెచ్చి పెట్టారని కాదు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ పనులు అప్పగించరు. ముట్టుకోకుండా వదిలేస్తారంతే, అవే నడుచుకుంటూ ఆమె దగ్గరికి వస్తాయి. "సెలవుల్లో కారేసుకుని నదుల వెంట తిరిగొద్దాం" అని భర్త స్నేహితుల ముందు గొప్పగా అనేశాడు. అనడంతో ఆయన వంతు పూర్తయింది. ఎవరి మందులు ఏ సంచిలో ఉండాలి, కూతురికి కారులో వాంతులు కాకుండా ఏం పెట్టాలి, కార్లను దాటించే బల్లకట్టు ఏ రేవులో నడుస్తోంది, ఏ రేవులో నీళ్లు తగ్గి ఆగిపోయింది, ఇదంతా ఆమె తలనొప్పి.

ఆమె ఆసుపత్రిలో నర్సు. వార్డులో మంచానికో గంట, మోగిందంటే పరుగు. ఇంటికొస్తే అత్తగారి గంట. మోకాలి ఆపరేషనప్పుడు మంచం పక్కన పెట్టారు. మోకాలు బాగైపోయి ఆవిడ పక్కవీధి దాకా షికారు వెళ్లొస్తున్నా, గంట మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు. "అరవలేనమ్మా, గొంతు నొప్పి" అంటుంది ఆవిడ. చెల్లెలితో ఫోన్లో మాట్లాడేటప్పుడు ఆ గొంతు భేషుగ్గా ఉంటుంది!

ఒకరోజు డ్యూటీ మధ్యలో, దుప్పట్లు మడతపెట్టే గదిలో కూర్చుని, ప్రయాణంలో చివరి రేవులో బల్లకట్టు నడిపే అతనికి ఫోన్ చేసింది.

"ఏ టైముకి నడుస్తుందండీ?"

"టైమేం లేదమ్మా. ఒడ్డున స్తంభానికి గంట ఉంటుంది. కొట్టండి, వస్తాం."

"కారు లేకుండా మనుషులే ఉంటే?"

"వస్తాం."

"ఒక్కరే ఉంటే?"

అతను నవ్వాడు. "ఒక్కరున్నా వస్తామమ్మా. మా పనే అది కదా."

ఫోన్ పెట్టేశాక సగం మడిచిన దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. ఒక్కరున్నా వస్తారట. అంత పెద్ద బల్లకట్టు, ఒక్క మనిషి కోసం, అంత నీళ్లు దాటుకుని! ఇన్నేళ్లలో ఎన్ని గంటల మోతకు పరుగెత్తిందో ఆమెకే తెలియదు. తను కొట్టిన గంట ఒక్కటీ లేదు. జ్వరమొచ్చి పడుకున్న రోజున కూడా "మంచినీళ్లు" అని పిలవబోయి, ఎవరొస్తార్లే అని తనే లేచి వెళ్లింది. ఇప్పుడు ఒడ్డున నిలబడి ఒక్కసారి గంట కొట్టాలి, అవతలినుంచి తనకోసం ఒకరు బయలుదేరడం చూడాలి. ఎంత చిన్న కోరిక! పైకి చెబితే నవ్వుతారు. అందుకే చెప్పలేదు కానీ, మార్గమంతా ఆ రేవు చుట్టూనే అల్లింది. వార్డులో పరుగెత్తుతూ కూడా ఆ స్తంభాన్నే ఊహించుకునేది.

మొదటి నది దగ్గర బల్లకట్టు ఇవతలి ఒడ్డునే ఉంది, గంట అవసరం రాలేదు. కారు దిగబోతే "గాలి కొడుతోంది, తలుపు వెయ్యి" అంది అత్తగారు. కూతురు ఒళ్లో తలపెట్టి నిద్రపోయింది. నది ఎప్పుడు దాటారో ఆమెకు తెలియనే లేదు. సాయంత్రం స్నేహితుడికి ఫోన్లో "ప్లానింగ్ అంతా నాదేరా" అంటున్నాడు భర్త.

మర్నాడు చివరి రేవు. బల్లకట్టు అవతలి ఒడ్డున అగ్గిపెట్టెంత కనిపిస్తోంది. ఇవతల ఎవరూ లేరు. స్తంభం ఉంది, గంట ఉంది.

భర్త కారు ఆపనైనా ఆపలేదు, నెమ్మది చేశాడంతే. "అబ్బే, అవతలుంది. వాడెప్పుడొస్తాడో! దిగువన కొత్త వంతెన ఉందట, చిటికెలో దాటేద్దాం."

"గంట కొడితే వస్తారండీ."

"ఎవరు కూర్చుంటారే ఇక్కడ?"

"నా మాత్రలు ఎక్కడ పెట్టావమ్మాయ్?" అంది అత్తగారు వెనకనుంచి.

"అమ్మా, నీళ్లు" అంది కూతురు.

కారు తిప్పడానికి ఆయన బ్రేకు వేశాడు. ఆమె తలుపు తీసుకుని దిగింది. "మాత్రలు నీలం సంచిలో ఉన్నాయి అత్తయ్యా. నీళ్లు నీ కాళ్ల దగ్గరే ఉన్నాయే తల్లీ. మీరు వంతెన మీంచి వెళ్లండి. నేను అవతలి ఒడ్డున కలుస్తాను."

"నీకేమైనా పిచ్చా? ఎక్కు!"

ఆమె స్తంభం దగ్గరికి నడిచింది. తాడు తడిగా, గరుకుగా ఉంది. రెండు చేతులా పట్టుకుని లాగింది. నదంతా మోగింది. కాసేపు ఏమీ కదల్లేదు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. అంతలో అవతల ఇంజను దగ్గింది, బల్లకట్టు ఒడ్డు విడిచింది. ఖాళీగా, తిన్నగా, తన వైపే వస్తోంది.

వెనక కారు హారన్ మోగుతోంది. ఆమె వెనక్కి తిరగలేదు.

నది నడుమకు వచ్చాక బల్లకట్టు నడిపే అతను అరిచాడు: "ఎంతమందమ్మా?"

ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని గొంతెత్తి అరిచింది.

"ఒక్కదాన్నే!"