పుట్టింటి ఓటు

ఓగేరు పార్లమెంటు నియోజకవర్గానికి ఒక చరిత్ర ఉందని సుబ్బరావమ్మకు అరవై ఏడో ఏట, మిరప కల్లంలో కూర్చుని తెల్లబారిన తాలు కాయలు ఏరుతుండగా తెలిసింది. చెప్పింది మనవరాలు భానుశ్రీ. ఆ పిల్ల పొలిటికల్ సైన్సులో ఎం.ఏ. చేస్తోంది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. ప్రాజెక్టు కింద ఏదో ఒక నియోజకవర్గం పుట్టుపూర్వోత్తరాలు రాయమంటే, ఎక్కడికో పోవడమెందుకని సొంత నియోజకవర్గాన్నే తీసుకుంది.

ఓగేరు కింద ఏడు అసెంబ్లీ స్థానాలున్నాయి. ఒక పక్క వరి మాగాణి, నడుమ మిరప, పత్తి, ఆ చివర, సరిహద్దులు మారకముందు, పర్చూరు రోడ్డు వైపు పొగాకు, శనగ. ఇన్నేళ్ళలో గెలిచిన ఎంపీల్లో సగం మందిది ఈ ప్రాంతమే కాదు. ఓడినవాళ్ళు మళ్ళీ కనపడలేదు. ఆ మాటకొస్తే గెలిచినవాళ్ళూ కనపడలేదు.

పిల్లకు ఒక్కచోట లెక్క కుదరలేదు. కాగితాల కాలంలో అన్ని ఊళ్ళ ఓట్లూ కలిపేసి లెక్కపెట్టేవాళ్ళు కాబట్టి ఏ ఊరు ఎటు మొగ్గిందో తేలదు. మిషన్లొచ్చాక 2004 నుంచి బూత్ వారీ లెక్కలు దొరికాయి. ఆ ఏడాది తమ పెదవాగుపాలెం బూత్‌లో తాత సంజీవరావు పార్టీకి ఎమ్మెల్యే ఓట్లు అయిదొందల నలభై వచ్చాయి. అదే రోజు అదే మనుషులు పక్క మిషన్ మీద నొక్కితే, అదే పార్టీ ఎంపీకి మూడొందల డెబ్భై వచ్చాయి. మరి 2009లో చూస్తే రెండు అంకెలూ ఇంచుమించు సమానం. ఆ తర్వాత కూడా అంతే.

సంజీవరావును అడిగితే ఆ ఎంపీ అభ్యర్థి నోటి దురుసు మనిషని, అందుకే జనం క్రాస్ ఓటింగ్ చేశారని తేల్చాడు. టీ కొట్టు దగ్గర అడిగితే గాలి అన్నారు. సుబ్బరావమ్మ మాత్రం తలెత్తకుండా తాలు కాయలు ఏరుకుంటూ కూర్చుంది. కారణం ఆమెకు తెలుసు. ఆ ఊళ్ళో ఆమె ఈడు ఆడవాళ్ళందరికీ తెలుసు.

పెదవాగుపాలేనికి కోడళ్ళు ఎక్కువగా పర్చూరు రోడ్డు వైపు ఊళ్ళ నుంచి వస్తారు. అప్పట్లో ఆ ఊళ్ళది వేరే అసెంబ్లీ, పార్లమెంటు మాత్రం ఒకటే. ఆ ఊళ్ళది అవతలి పార్టీ కూడా. రోడ్డు వెయ్యాలన్నా, కాలవకి నీళ్ళు రావాలన్నా, పోలీస్ స్టేషన్లో మాట చెల్లాలన్నా ఎమ్మెల్యే కావాలి. అందుకని ఎమ్మెల్యే ఓటు దగ్గర మగవాళ్ళు గట్టిగా ఉండేవాళ్ళు. ఎంపీ ఢిల్లీలో ఉంటాడు, అతనితో ఏం పని? ఆ ఢిల్లీ ఓటును పెళ్ళాలకి పసుపు కుంకుమ కింద వదిలేశారు. ఎన్నికల ముందు కోడళ్ళ అన్నదమ్ములు బయల్దేరి వచ్చి, భోంచేసి, అడిగి వెళ్ళేవాళ్ళు. ఎక్కడా రాసిపెట్టింది కాదు, ఎవరూ పైకి చెప్పుకున్నదీ కాదు. కోడలికి రెండు ఓట్లు: ఒకటి మెట్టినింటిది, ఒకటి పుట్టింటిది.

సుబ్బరావమ్మ కోసం వచ్చేది తమ్ముడు బుల్లయ్య. వాళ్ళది నక్కలవారిపాలెం. 1980లో మొదటిసారి వచ్చినప్పుడు అతనికింకా ఓటే లేదు. సైకిల్ కడ్డీకి శనగల సంచీ కట్టుకుని వచ్చి, మంచం కోళ్ళు చూస్తూ, "అక్కా, ఢిల్లీ ఓటు మనకి" అన్నాడు. అదొక్క మాట అనడానికి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. ఆ తర్వాత ఏ పార్లమెంటు ఎన్నికకూ తప్పలేదు. తొంభై ఆరు, తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది: ఆ నాలుగేళ్ళలో ఢిల్లీలో ప్రభుత్వాలు పడిపోతుంటే, దేశం ఏమైపోతుందోనని సంజీవరావు రేడియో దగ్గర తల పట్టుకునేవాడు. లోపల సుబ్బరావమ్మ గోంగూర పచ్చడికి మిరపకాయలు వేయించుకునేది.

వాళ్ళ నాన్న పోయాక నక్కలవారిపాలెం ఊరు ఊరంతా పార్టీ మారిందన్న కబురు సంజీవరావే మోసుకొచ్చాడు. "మీ వాళ్ళంతా మా వైపు వచ్చేశారంట. ఇంకా పాత పార్టీకే ఓటడుగుతున్నాడంటే, మీ తమ్ముడొక్కడే మిగిలాడు పాపం, జెండా కర్ర పట్టుకుని" అని బావమరిది ముందే ఎగతాళి చేసేవాడు. బుల్లయ్య తలొంచుకుని అన్నం కలుపుకునేవాడు. నాన్న పార్టీని వాడొక్కడే నిలబెడుతున్నాడని సుబ్బరావమ్మకు గర్వంగా ఉండేది. 2004లో ఎంపీ టికెట్ సంజీవరావు పిన్ని కొడుకుకి వచ్చింది. నోటి దురుసు మనిషంటే అతనే. ఈసారికి రెండు ఓట్లూ మనకే వెయ్యమని భర్త అడిగాడు. ఆమె కుదరదంది. ఆయన పంటి బిగువున ఆమెతో మాట మానేసి, ఫలితాలొచ్చి పిన్ని కొడుకు ఓడిపోయాక గానీ మళ్ళీ నోరు విప్పలేదు.

తర్వాత నియోజకవర్గాల సరిహద్దులు మార్చారు. పర్చూరు రోడ్డు వైపు ఊళ్ళన్నీ పక్క పార్లమెంటులోకి పోయాయి. 2009లో బుల్లయ్య రాలేదు. పనుల్లో ఉన్నాడేమో అనుకుంది. పద్నాలుగులో రాలేదు, పంతొమ్మిదిలో రాలేదు, మొన్న ఇరవై నాలుగులోనూ రాలేదు. పెళ్ళిళ్ళలో కనపడితే "బాగున్నావా అక్కా" అంటాడు, మగవాళ్ళ వైపు వెళ్ళిపోతాడు. కొట్లాట లేదు, కోపతాపాలు లేవు. మనిషి రావడం మానేశాడు, అంతే. ఓటున్నన్నాళ్ళే తను వాడికి అక్క అన్నమాట. ఈ మాట సుబ్బరావమ్మ ఎవరితోనూ అనలేదు. పదహారేళ్ళుగా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

అందుకే, విడిపోయిన ఊళ్ళ గురించి రాయాలి, బుల్లయ్య తాతయ్య బూత్ ఏజెంటుగా కూర్చునేవాడని నువ్వే చెప్పావుగా, వెళ్దాం రమ్మని భానుశ్రీ అడిగితే మొదట రానంది. వాడికి నాతో పనేముంది అంది. రెండు రోజులు పోయాక, పిల్ల ఒక్కతే అంత దూరం బండి మీద ఎలా వెళ్తుందంటూ తనే చీర మార్చుకుని స్కూటీ ఎక్కింది. అంత దూరం అంటే అరగంట.

వెళ్ళేసరికి బుల్లయ్య ఇంటి ముందు పందిట్లో పొగాకు గుచ్చుతున్నారు. అక్కను చూసి అతను కంగారుగా లేచాడు. ఎవరైనా పోయారేమోనని భయపడ్డట్టుంది.

"ఏం లేదురా. పిల్ల చదువు పని మీద వచ్చాం" అంది సుబ్బరావమ్మ ముందుగానే.

అతని భార్య పేరమ్మ కుర్చీలు వేసింది, మజ్జిగ ఇచ్చింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ పిల్ల మొహమే చూస్తూ కూర్చున్నారు. భానుశ్రీ పెన్ను తీసి మొదలుపెట్టింది. పాతరోజుల్లో తెల్ల కాగితం ఎంపీకి, గులాబీ కాగితం ఎమ్మెల్యేకి అని బుల్లయ్య చెప్పాడు. సిరా ఆరకముందే కాగితం మడిచి ఓట్లు ఎలా పాడయ్యేవో, ముసలివాళ్ళు గుర్తు చూసి దణ్ణం పెట్టి మరీ ఎలా ముద్ర వేసేవాళ్ళో చెప్పాడు. మెల్లగా హుషారు వచ్చింది మనిషికి. అప్పుడా పిల్ల 2004 లెక్క తీసి, అమాయకంగానే అడిగింది.

"మీ ఊళ్ళో ముత్తాతయ్య వాళ్ళ పార్టీకి ఎంపీ ఓట్లు పదకొండే వచ్చాయి తాతయ్యా. ఊరంతా ఒక వైపు ఉంటే మీరు పదకొండు మందే అటు ఎలా నిలబడ్డారు? ఆ మిగతా పది మందీ ఎవరు?"

పేరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు.

"ఆ పదకొండు మందిలో ఈయనెక్కడున్నాడమ్మా? తొంభై ఆరు నుంచీ ఈయన అవతలి పార్టీకేగా ఏజెంటు. ఊరిని తిప్పిందే ఈయన."

"నువ్వు లోపలికెళ్ళవే" అన్నాడు బుల్లయ్య. ఆమె వెళ్ళలేదు.

సుబ్బరావమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అవతలి పార్టీ అంటే తన మెట్టినింటి పార్టీ. అంటే తొంభై ఆరులో, తొంభై ఎనిమిదిలో, తొంభై తొమ్మిదిలో, 2004లో తమ్ముడు వచ్చి తన ఇంట్లో కూర్చుని, తన చేతి అన్నం తిని, వాడే వదిలేసిన పార్టీకి ఓటు వెయ్యమని అడిగి వెళ్ళాడు.

"నీ మాట కోసం మీ బావతో మాటపడ్డాను. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు, తెలుసా నీకు? నువ్వే వెయ్యని ఓటు నన్నెందుకు అడిగావురా?"

బుల్లయ్య పొగాకు ఆకు ఒకటి తీసుకుని దాని ఈనె మీద వేలితో గీస్తూ కూర్చున్నాడు. అరవై అయిదేళ్ళ మనిషి, ఆ ఊళ్ళో పదిమందికి తీర్పు చెప్పే మనిషి.

"మీ పార్టీలోకి వచ్చానని చెప్తే ఇంక నిన్ను అడగడానికి ఏముంటుందక్కా? నీ రెండు ఓట్లూ ఎలాగూ అటే. ఎందుకొచ్చావంటాడు బావ. ఏం చెప్పను?"

"అందుకని..."

"అందుకని పాత మాటే అడిగేవాణ్ణి. నా పార్టీకి నాలుగు ఎన్నికల్లో నాలుగు ఓట్లు నేనే పోగొట్టాను. ఇక్కడ తెలిస్తే చెప్పుతో కొట్టేవాళ్ళు."

పేరమ్మ ఈసారి నవ్వలేదు. అక్క ఊరికి బయల్దేరే ముందు రోజు ఇంట్లో శనగలు తనే ఏరి పోసేదాన్నని, ఈయన అద్దం ముందు నిలబడి ఏం మాట్లాడాలో చూసుకునేవాడని చెప్పింది. బుల్లయ్య ఆమె వైపు చూడకుండా మజ్జిగ గ్లాసు ఎత్తి, అది ఖాళీగా ఉంటే మళ్ళీ కింద పెట్టాడు.

"మరి తర్వాతెందుకు మానేశావు?" అంది సుబ్బరావమ్మ. ఇది అడగడానికే ఆమె స్కూటీ ఎక్కింది. ఆ సంగతి ఆమెకు కూడా అప్పుడే తెలిసింది.

"మా ఊరు పక్క పార్లమెంటులోకి పోయిందిగా. అబద్ధం ఆడటానికైనా ఏదో ఒక ఆధారం ఉండాలి కదక్కా. నీకు ఇక్కడి ఓటే లేకపోయె. ఏ మొహం పెట్టుకుని రాను?"

ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో తెలియలేదు. తను కూడా పదహారేళ్ళు ఒక పని దొరికేదాకా ఇటు రాలేదన్నది గుర్తొచ్చి, అనబోయిన మాట మింగింది. భానుశ్రీ పెన్నుకు మూత పెట్టింది. ఓట్ల తేడాకి కారణాలు అన్న శీర్షిక కింద ఇదెలా రాయాలో ఆ పిల్లకు తోచినట్టు లేదు.

పొద్దు వాలుతుండగా బయల్దేరారు. బుల్లయ్య రోడ్డు దాకా వచ్చాడు. వీలు చూసుకుని, ఏదన్నా పని పెట్టుకుని వస్తానక్కా అన్నాడు.

"పనుంటే రావద్దు" అంది సుబ్బరావమ్మ. "ఊరికే వస్తే రా."

అతను సరేనన్నాడు గానీ, మీసాలు వచ్చిన దగ్గర్నుంచీ ఆ మనిషి ఎవరింటికీ ఊరికే వెళ్ళింది లేదు.

పది పన్నెండు రోజులు రాలేదు. సుబ్బరావమ్మ అడగలేదు, ఫోనూ చెయ్యలేదు. కాయలు బస్తాలకెత్తి కోల్డ్ స్టోరేజీకి తోలేశారు. ఆ తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం మోటారు సైకిల్ చప్పుడైంది. బుల్లయ్య రెండు చేతులూ ఖాళీగా, చొక్కా ఇస్త్రీ నలగకుండా వాకిట్లో నిలబడ్డాడు. వరండాలో పేపరు చదువుతున్న సంజీవరావు కళ్ళజోడు పైకి జరిపి చూశాడు.

"ఏమయ్యా బుల్లయ్యా, ఇలా వచ్చావు?"

బుల్లయ్య గుమ్మంలో ఉన్న అక్క వైపు చూశాడు. ఆమె ఏమీ సాయం చెయ్యలేదు.

"ఊరికే బావా" అన్నాడు.

"ఊరికేనా?"

"ఊరికే."

సంజీవరావు కుర్చీ చూపించాడు. పంటల గురించి రెండు మాటలు, వానల గురించి ఒక మాట అయ్యాయి. ఇద్దరూ వాకిట్లో కోళ్ళ వైపు చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి సంజీవరావు మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమే, ఎన్నికలేమన్నా వస్తున్నాయా?"

"రావట్లేదు" అని, సుబ్బరావమ్మ ఎసట్లో ఇంకో గ్లాసు బియ్యం పోసింది.