కొండప్ప నష్టపోయిన ఉద్యమం

కర్ణాటకలోని మిట్టేమరి ఊళ్లో వెంకటప్పకు డెబ్బై ఆరేళ్లు. ఇంట్లో మాట తెలుగే గానీ చదివిన నాలుగు తరగతులూ కన్నడంలో. తెలుగు పుస్తకం చేతికిస్తే అట్ట మీది బొమ్మ చూసి తిరిగి ఇచ్చేస్తాడు. మనవరాలు అక్షతా కన్నడ బడి పిల్లే, అయితే ఫోన్లో చూసి తెలుగు అక్షరాలు పట్టుకుంది. పట్టుకున్న పిల్ల ఊరికే ఉంటుందా? తెల్లవాళ్ల పాలన ఎలా ముగిసిందో చెప్పే నాలుగు భాగాల నవల హిందూపురం నుంచి తెచ్చి, రోజూ సాయంత్రం పాలు పితికాక తాతకు చదివి వినిపించింది.

ముసలాయన వినడం కాదు, కథలోకే దూరిపోయేవాడు. కథానాయకుడు కొండప్ప స్వాతంత్ర్య ఉద్యమంలోకి దిగాడని చదవగానే "వొద్దురా నాయనా" అన్నాడు. ఉప్పు కాచి జైలుకు పోతే "చెప్తే ఇన్యాడా?" అని విసుక్కున్నాడు. ఇల్లూ ఎద్దులూ జప్తయిన రోజు సరిగ్గా అన్నం తినలేదు. చివరికి జెండా ఎగిరినా ఆయన మొహం విప్పారలేదు. "దేశానికి మంచిదే ఆయ. వాని ఎద్దులు తిరిగొచ్చినాయా?" అని అడిగాడు. తాతది ఎంత జాలిగుండె అని అక్షత మురిసిపోయింది.

ఇక అక్షత గొడవ అక్షతది. ధర పడినప్పుడల్లా టమోటాలు రోడ్డు పక్కన పారబోస్తుంటే ఆ పిల్లకు కడుపు మండేది. పాత పట్టుపురుగుల షెడ్డులో వాటిని ఎండబెట్టి, పొడి చేసి అమ్మాలని చింతామణికి పోయి పని కూడా నేర్చుకుంది. షెడ్డు తాత పేరు మీద ఉంది. ఆయన సంతకంతో సర్కారు సాయం కోసం అర్జీ శుక్రవారంలోగా చిక్కబళ్ళాపురం ఆఫీసుకు చేరకపోతే ఇంకో ఏడాది ఆగాలి. గురువారం పొద్దున్నే బస్సు వేళకు ముందు ఆ కన్నడ కాగితం ఆయన ముందు పెట్టింది.

వెంకటప్ప పై వరస కూడబలుక్కుని చదివి, పాము కనబడినట్టు దాన్ని దూరంగా నెట్టాడు.

"ఉద్యమ? వొద్దమ్మా. నేను సంతకం పెట్టేది ల్యా."

"ఎందుకు తాతా? షెడ్డు ఊరికేనే పడుండాది కదా."

"నాలుగు పుస్తకాలు నువ్వే చదివి చెప్తివి. ఉద్యమంలో దిగినోడు ఒగడన్నా బాగుపడినాడా? ఇల్లు పాయ, ఎద్దులు పాయ, జైలు కూడు తినె. రేపు నిన్ను పోలీసులు ఈడ్చుకుపోతే నేను చూస్తా కూచోవల్లనా?"

అక్షతకు ముందు ఏడుపొచ్చింది. తర్వాత అనుమానం వచ్చింది. కాగితం మీది మాటను మరోసారి చూసింది. ఇక నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుని అరుగు మీద కూలబడింది.

"తాతా! కన్నడంలో ఉద్యమ అంటే యాపారం. తెలుగు పుస్తకంలో ఉద్యమం అంటే చళువళి! తెల్లోళ్లు పోవల్లని జనం ఎదురు తిరిగిండేది!"

"స్వతంత్ర ఉద్యమ అంటే సొంత యాపారం కాదా? మరి వాడు ఉప్పు కాసింది అమ్ముకునేదానికి కాదా?"

"కాదు తాతా. తెల్లోని చట్టం మీరల్లనే కాసినాడు. జైలుకి పోతాననీ తెలుసు, ఇల్లు పోతాదనీ తెలుసు."

వెంకటప్ప భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. అది చూసి అక్షత నవ్వు ఆగిపోయింది.

"యాపారం తెలీని దండగమారోడని నాలుగు పుస్తకాలూ వాణ్ని తిడతానే ఇన్యాను కదమ్మా. తెలిసీ తెలిసీ అంతా పోగొట్టుకున్యాడా?"

అక్షత తలూపింది. ఆయన కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

"యాడ పెట్టల్ల?"

చూపించిన చోట ఒక్కో అక్షరమే దిద్దుతూ సంతకం పెట్టాడు.

"పో, నీ ఉద్యమ నువ్వు చేసుకో. నిన్ను ఎవురూ జైల్లో ఎయ్యకుండా వాడు ముందే పోయొచ్చినాడు."

అంతలో బస్సు హారన్ వినిపించింది. అక్షత కాగితం పట్టుకుని పరుగెత్తుతుంటే వెనకనుంచి కేకేశాడు.

"బిరబిరా రామ్మా! ఒకటో పుస్తకం మళ్లా మొదుట్నించీ చదవల్ల. ఈసారి వాణ్ని ఒక్క మాట అనను!"